గెడ్డ దాటాలంటే భయం, ఆగాలంటే మొహమాటం

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఉద్యోగం వివరాలు వేయవద్దని కోరారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె వయసు 41. భర్త అన్నగారికి కొండల్లో నడవడమంటే ప్రాణం. దసరా వెళ్లాక మొదలుపెట్టి శివరాత్రి దాకా, వీలు చిక్కిన ఆదివారమల్లా ఇంట్లోవాళ్లను, స్నేహితులను వెంటబెట్టుకుని మహేంద్రగిరి దిగువ కొండలకో, గుమ్మ, సెరంగో వైపో తీసుకెళతారు. మొత్తం ఎనిమిది మంది. అందులో ఈమె తోడికోడలు కూడా ఉంది. ఈమె భర్తకు దుకాణం వదిలి రావడం కుదరదు. "వారమంతా ఇల్లు, ఆఫీసు. కొండ ఎక్కిన రోజే నా కోసం నేను బతికినట్టుంటుంది" అని రాశారు.

చిక్కల్లా గెడ్డల దగ్గరే, అంటే కొండ వాగుల దగ్గరే. నీళ్లలో కాళ్లు తడిస్తే చాలు, చిటికెన వేలి పక్కన చర్మం తెల్లగా నాని, ఊడి, పది పన్నెండు రోజులు దురద, మంట. అందుకని ప్రతి గెడ్డ దగ్గరా కూర్చుని బూట్లు విప్పుతారు, వట్టి కాళ్లతో దాటుతారు, తుడుచుకుని మళ్లీ తొడుక్కుంటారు. లేదంటే నీళ్లు తగలకుండా రాయి మీంచి రాయి మీదకు దాటుతారు. ఈలోగా మిగతావాళ్లు ముందుకు వెళ్లిపోతారు. బావగారు తిట్టరు, కానీ "కొండకు వచ్చి కాళ్లు తడవకూడదంటే ఎలాగమ్మా, తడుపుకుంటూ నడిచేయాలి" అని అందరి ముందూ అంటారు. ఆ మాట పడలేక ఏడు వేలు పెట్టి నీళ్లు చొరబడని బూట్లు కొన్నారు. మొదటి గెడ్డలోనే అవి నిండిపోయాయి. రోజంతా నీళ్లు మోసుకుంటూ నడిచారు.

మొన్న అక్టోబరులో, వాన వెలిసిన మర్నాడు వెళ్లిన నడకలో, మూడో గెడ్డ దగ్గర ఈమె ఒక్కరే వెనకబడ్డారు. తొందరలో రాళ్ల మీంచి దాటబోతే కాలు జారింది. మోకాలు చీరుకుపోయింది, మణికట్టు వాచింది. అరిచినా ముందువాళ్లకు వినపడలేదు. తానే లేచి గట్టెక్కారు. ఆ సంగతి తెలిశాక భర్త "ఇక మానెయ్" అంటున్నారు. జనవరిలో పుట్టాసింగ్ వైపు కొండల్లో రెండు రోజుల నడక ఉంది, రాత్రి ఒక ఊళ్లో బస. పైగా ఈసారి 66 ఏళ్ల మామగారు కూడా వస్తానంటున్నారు. ఆయనకు చాలా ఏళ్లుగా షుగరు. ఈమధ్య అరికాళ్లు మొద్దుబారినట్టున్నాయని అంటున్నారట.

కాళ్లు తడవకుండా దాటే దారి ఏదైనా ఉందా? లేకపోతే నేను మానుకోవడమే మంచిదా? మామయ్యగారిని ఎలా ఆపాలి? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరంలో నాలుగు చిక్కులు ఒకదానిలో ఒకటి పెనవేసుకున్నాయి: చర్మం, బూట్లు, దాటే తీరు, బావగారు. నాలుగూ ఒకటేననుకోవడం వల్ల బూట్లు మారిస్తే అన్నీ తీరిపోతాయనిపించింది. విడదీసి చూస్తే ఒక్కోదానికీ దారి ఉంది. మామయ్యగారి సంగతి వేరు. దాన్ని చివర చెబుతాను.

ముందు చర్మం. ఆరోగ్యంగా ఉన్న కాలు కొన్ని గంటలు నీళ్లలో నానితే తెల్లబడుతుంది, ముడతలు పడుతుంది, ఆరాక మామూలైపోతుంది. పది పన్నెండు రోజుల దురద, అదీ ప్రతిసారీ చిటికెన వేలికీ దాని పక్క వేలికీ మధ్యనే రావడం గెడ్డ నీటి ఒక్కదాని పని కాకపోవచ్చు. ఆ సందు కాలివేళ్లలో అన్నిటికంటే ఇరుకైనది, గాలి ఆడనిది. శిలీంధ్రం, అంటే ఫంగస్, చేరడానికి దానికి మించిన చోటు లేదు. మీ కాలికి అది ముందే పట్టి ఉండవచ్చు. గెడ్డ నీళ్లు తగిలినప్పుడల్లా అది మళ్లీ లేస్తోంది, అంతే. ఆదివారం తడిసిన బూట్లు సోమవారం అలమారలోకి వెళతాయి, మీరు మూసిన చెప్పులతో ఆఫీసుకు వెళతారు. ఆ తేమలో అది హాయిగా బతుకుతుంది.

అందుకని మొదట చర్మ వైద్యులకు చూపించండి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే కలగలుపు లేపనం మాత్రం రాయకండి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాయగానే రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, నయమైందనుకుంటాం, కానీ ఫంగస్ లోపల పాకుతూనే ఉంటుంది, ఆ తరువాత మామూలు మందులకు సులువుగా లొంగదు. మన దేశంలో మొండి తామర ఇంతగా ప్రబలడానికి ఈ లేపనాలు ఒక పెద్ద కారణమని చర్మ వైద్యులు ఎంతో కాలంగా మొత్తుకుంటున్నారు. సరైన మందు దొరికాక కూడా, దురద పోయింది కదా అని మధ్యలో ఆపకండి. డాక్టరు చెప్పిన వారాలు పూర్తిగా వాడాలి. మీ తువ్వాలు ఇంట్లో ఇంకెవరూ వాడకుండా చూడండి. జనవరికి ఇంకా వ్యవధి ఉంది. ఇది నయమైతే, తడి అంటే మీకున్న భయంలో సగం దానంతట అదే పోతుంది.

ఇక బూట్లు. ఏడు వేలు వృథా అయ్యాయని బాధపడుతున్నారు. అవి చెడ్డ బూట్లు కావు, మీరు అడిగిన పని వాటికి చేతకాదు. వాటి లోపల ఉండే పల్చటి పొర బూటు గుడ్డలోంచి నీరు రాకుండా ఆపుతుంది. పిక్కల లోతు నీళ్లలో దిగితే నీరు గుడ్డలోంచి రాదు, పైనుంచి వస్తుంది. ఒకసారి లోపలికి వచ్చిన నీటిని అదే పొర బయటకు పోనివ్వదు. అలాంటి బూట్లు పూర్తిగా ఆరడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. చెమట ఆవిరిని బయటకు పంపుతాయని అంటారు కానీ, అది బయటి గాలి పొడిగా ఉన్నప్పటి మాట. వానలు వెనకబట్టిన రోజుల్లో మన కొండల్లో గాలే తడిగా ఉంటుంది, ఆవిరి పోయే వీలు తక్కువ. మంచు పట్టిన గడ్డిలో, సన్న తుంపరలో, చీలమండకు అందని నీళ్లలో అవి బాగా పనికొస్తాయి. వాటికే ఉంచుకోండి.

సాక్సు మీద ప్లాస్టిక్ సంచి కట్టుకోవడం గురించి కూడా అడిగారు. బూటు లోపల నాలుగు అడుగులకే అది చిరుగుతుంది, చిరగకపోతే కాలు లోపల జారుతుంది. రెండూ ప్రమాదమే. గమ్ బూట్లు పొలం గట్లకు, బురదకు మంచివి. మోకాలి కింద దాకా నీళ్లున్న గెడ్డలో నిండితే ఒక్కో కాలు ఎత్తడమే కష్టమవుతుంది, కొండ దిగేటప్పుడు మడమకు పట్టూ ఉండదు.

అయితే మీకు మిగిలే దారులు ఏమిటి? ప్రతిదానికీ ఒక మూల్యం ఉంది. చెబుతాను, మీరే బేరీజు వేసుకోండి.

ఒకటి, మీరు ఇప్పుడు చేస్తున్నదే, కాస్త మార్చి చేయడం. బూట్లు విప్పండి, కానీ వట్టి కాళ్లతో దిగకండి. వెనక పట్టీ ఉన్న తేలికపాటి శాండల్స్ ఒక జత సంచికి వేలాడదీసుకోండి. హవాయి చెప్పులు వద్దు, నీటి వడికి అవి కాలి నుంచి ఊడి కొట్టుకుపోతాయి. బూట్లు, సాక్సు సంచిలో భద్రపరచుకుని, శాండల్స్‌తో దాటి, తువ్వాలుతో వేళ్ల మధ్య కూడా తుడుచుకుని తిరిగి తొడుక్కోండి. మొదట్లో పది నిమిషాలు పడుతుంది, అలవాటైతే అయిదారు నిమిషాల్లో అవుతుంది. రోజుకు రెండు మూడు గెడ్డలుంటే ఇది చక్కటి పద్ధతి, ముఖ్యంగా జనవరి చలిలో. లోయ వెంట నడిచే బాటలు కొన్ని ఒకే గెడ్డను మళ్లీ మళ్లీ దాటుతుంటాయి. అలాంటి చోట మీరూ అలసిపోతారు, మీతో ఉన్నవాళ్లూ విసిగిపోతారు.

వట్టి కాళ్లు ఎందుకు వద్దంటున్నానంటే, నీళ్లలో అడుగు కనపడదు. పగిలిన సీసా పెంకు, వాడి రాయి, ముల్లు ఏదైనా ఉండవచ్చు. చల్లటి నీళ్లలో కాలు తిమ్మిరెక్కితే తెగినా తెలియదు. కొండల్లోని సవర గిరిజనుల ఊళ్లవాళ్లు వట్టి కాళ్లతో దాటడం లేదా అని బావగారు అన్నారని రాశారు. వాళ్ల అరికాళ్లు చిన్నప్పటి నుంచి ఆ రాళ్ల మీదే గట్టిపడ్డాయి, ఏ రాయి ఎక్కడుందో వాళ్లకు తెలుసు. వారంలో ఆరు రోజులు నున్నటి గచ్చు మీద నడిచే కాళ్లకు ఆ పోలిక కుదరదు. ఇంకో మాట. పశువులు దాటే నీళ్లు ఎలుకలు, పశువుల మూత్రంతో కలుషితమై ఉండవచ్చు. కాలి మీద తెగిన గాయం ఉంటే అలాంటి నీళ్ల ద్వారా లెప్టోస్పైరోసిస్, అదే ఎలుక జ్వరం, సోకుతుంది. మీ మోకాలి గాయం పూర్తిగా మానేదాకా గెడ్డలో దిగకండి. ఆ నడక తరువాత మీకు జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం వంటివి ఉంటే వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లి, గెడ్డ నీళ్లలో పడ్డానని తప్పకుండా చెప్పండి.

రెండోది బావగారి పద్ధతి, బూట్లతోనే నడిచి వెళ్లిపోవడం. ఆయన చెప్పింది పూర్తిగా తప్పు కాదు. ఒక్కరోజు నడకకు, ఆరోగ్యమైన చర్మానికి, నాకు తెలిసినంతలో అన్నిటికంటే క్షేమమైన పద్ధతి అదే. కాలికి రక్షణ ఉంటుంది, పట్టు ఉంటుంది, సమయం కలిసొస్తుంది. కానీ దానికి తగిన బూట్లుండాలి: జల్లెడ గుడ్డతో కుట్టినవి, లోపల మందపాటి స్పాంజి లేనివి. నీరు ఎంత సులువుగా వస్తుందో అంత సులువుగా పోవాలి. గట్టెక్కి పది నిమిషాలు నడిస్తే అడుగడుక్కీ నీరు బయటకు చిమ్ముతుంది. నూలు సాక్సు వద్దు, అవి నీరు పట్టుకుని వదలవు. పల్చటి సింథటిక్‌వి గానీ ఉన్నివి గానీ వేసుకోండి. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది, కొండ చలిలో అది చాలా మేలు.

దీనికి మూల్యం మధ్యాహ్నం, సాయంత్రం చెల్లించాలి. బావగారి జట్టు అది చెల్లించకుండా నడుస్తోందని మీ ఉత్తరాన్ని బట్టి అనిపిస్తోంది. బయలుదేరే ముందు అరికాళ్లకు, మడమలకు వాజలిన్ పట్టించండి, చర్మం నీరు పీల్చుకోవడం తగ్గుతుంది. వేళ్ల మధ్య మాత్రం డాక్టరు చెప్పింది తప్ప ఇంకేమీ రాయకండి. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు అందరూ బూట్లు, సాక్సు విప్పి కాళ్లకు అరగంట గాలి తగలనివ్వాలి. సాక్సు పిండి సంచి మీద ఆరేసి, రెండో జత వేసుకోవాలి. బూటులో చేరిన ఇసుకను దులపడం మరవకండి. నానిన చర్మం మీద ఇసుక రాపిడే బొబ్బలకు మూలం.

అసలు జాగ్రత్త పడాల్సింది కాలు ఎంతసేపు తడిగా ఉండిపోయింది అన్న విషయంలో. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో రోజుల తరబడి తడి బూట్లతో నిలబడిన సైనికుల పాదాలు కుళ్లి, కొందరికి తీసేయాల్సి వచ్చింది. వియత్నాం యుద్ధంలో వరిపొలాల్లో తిరిగిన సైనికులకు వెచ్చటి నీళ్లలోనే పాదాలు వాచి, నడవలేని పరిస్థితి వచ్చింది. అదంతా చాలాసేపు ఎడతెరిపి లేకుండా తడిలో ఉంటే జరిగేది. ఆదివారం మధ్యాహ్నం తడిసిన బూట్లతో రాదు. పుట్టాసింగ్ నడకలో రాత్రి బస ఉంది కాబట్టి ఒక నియమం పెట్టుకోండి: ఒక జత సాక్సు ప్లాస్టిక్ కవరులో కట్టి సంచి అడుగున ఉంచి, పడుకునేటప్పుడు తప్ప ఎప్పుడూ తొడగకూడదు. తెల్లవారి తడి బూట్లలో కాలు పెట్టడం ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. అయినా ఆ పొడి సాక్సు పగటి నడకకు వాడేయకండి. రాత్రి ఏడెనిమిది గంటలు కాలు పొడిగా ఉంటే చర్మం తేరుకుంటుంది. బూట్లలో నలిపిన వార్తాపత్రికలు కుక్కి, లోపలి అట్టలు విడిగా తీసి గాలికి పెట్టండి. పొయ్యి దగ్గర పెట్టవద్దు, వేడికి జిగురు కరిగి అడుగు ఊడుతుంది. కొండ మీద అడుగు ఊడిన బూటుతో మిగిలిన దారి నడవడం నరకం.

రోజంతా శాండల్స్‌తోనే నడిచేవాళ్లూ ఉన్నారు. గెడ్డలకు హాయి, కానీ ముళ్ల పొదల్లో, రాళ్లకు వేళ్లు తగిలే చోట ఇబ్బంది. బొటనవేళ్లకు తొడుగున్న రకం అయితే ఒకసారి చిన్న నడకలో ప్రయత్నించి చూడండి.

రాళ్ల మీంచి రాళ్ల మీదకు దాటడం మాత్రం మీరు మానుకుని తీరాలి. మీ ఉత్తరం చదువుతుంటే నాకు బాధ కలిగించిన చోటు అదే. కాలు తడవకూడదన్న పట్టుదల వల్ల పాచి పట్టిన బండ మీద కాలు వేశారు. చీలమండ లోతు నీళ్లలో, ఇసుక మీద, మెల్లగా నడిచి ఉంటే సాక్సు తడిసేవి, మోకాలు బాగుండేది. తడిసిన రాయి పొడిగా కనిపించవచ్చు. పొడిగా ఉన్న రాయి మీద మీ బూటు అడుగు తడిగా ఉండవచ్చు. రాయి కదలవచ్చు. మూడు అడుగుల ఎత్తు నుంచి బండల మీద పడితే ఎముక విరుగుతుంది, ఆ కొండల్లోంచి విరిగిన కాలితో ఒకరిని మోసుకురావడం మీ బావగారి జట్టంతా కలిసినా పూట పని.

దాటే తీరు గురించి కూడా చెప్పనివ్వండి, ఇది మీ ఒక్కరికే కాదు, అందరూ చదవాలి. గెడ్డ ఇరుకుగా ఉన్న చోట దాటాలనిపిస్తుంది, కానీ ఇరుకైన చోటే లోతు, వడి ఎక్కువ. వెడల్పుగా, అడుగు కనపడేలా పరుచుకున్న చోటు వెతకండి. గెడ్డ వంపు తిరిగే చోట బయటి గట్టు వైపు లోతుగా ఉంటుంది, అక్కడ వద్దు. పశువులు దాటే రేవు తరచుగా గట్టిగా, లోతు తక్కువగా ఉంటుంది. దగ్గర్లో ఊరుంటే వెళ్లి అడగండి. గుమ్మ, సెరంగో సంతల్లో తెలుగు తెలిసినవాళ్లు దొరుకుతారు, నిన్న పైన వాన పడిందా, ఏ రేవు మంచిది అని వారికంటే బాగా చెప్పగలవారు లేరు.

దిగేముందు కింది వైపు చూడండి: పడితే ఎక్కడికి కొట్టుకుపోతాను? అక్కడ నీరు కిందికి దూకే చోటో, పడిపోయిన చెట్టో ఉంటే ఆ రేవు వదిలేయండి. ఒక ఎండుపుల్ల నీళ్లలో వేసి గట్టు వెంట దానితోపాటు నడవండి. మీరు చురుగ్గా నడిచినా అది మిమ్మల్ని దాటిపోతుంటే, పైగా నీరు మోకాలు దాటుతుంటే, దిగకండి. నీటి వేగం రెండింతలైతే అది మన కాలి మీద చూపే బలం నాలుగింతలవుతుంది. చూడటానికి కొంచెమే పెరిగిందనిపించిన గెడ్డ మనిషిని పడగొట్టేది అందుకే.

సంచి నడుము పట్టీ, ఛాతీ పట్టీ విప్పేసి, పడితే ఒక్క కుదుపుతో వదిలేసేలా ఉంచుకోండి. బలమైన చేతికర్ర తీసుకుని, నీరు వచ్చే వైపు ముఖం పెట్టి, కర్రను ముందు ఆనించి, అడుగులు పక్కకు జరుపుతూ దాటండి. కర్ర, రెండు కాళ్లు, ఈ మూడింట్లో రెండు ఎప్పుడూ నేల మీద ఉండాలి. కాలు ఎత్తి వేయకండి, అడుగును తడుముతూ జరపండి. నడుముకు తాడు కట్టుకోవడం చాలామంది చేస్తారు, అది చేయకండి. పడినప్పుడు తాడు బిగిసి మనిషిని నీళ్ల కిందే పట్టి ఉంచుతుంది. ఒకవేళ పడి వడిలో చిక్కుకుంటే సంచి వదిలేసి, వెల్లకిలా, కాళ్లు కింది వైపుకు పెట్టి తేలుతూ గట్టు వైపు చేతులు వేయండి. వడిలో నిలబడే ప్రయత్నం చేస్తే పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది.

మీరు పడిన రోజు వాన వెలిసిన మర్నాడని రాశారు. అక్టోబరు వచ్చిందంటే వానలు పోయాయని మన ప్రాంతంలో అనుకోకూడదు, అది తుపాన్ల నెల. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక గజపతి జిల్లా కొండల్లో ఏం జరిగిందో మీకు చెప్పనక్కర్లేదు. 1980 సెప్టెంబరులో వంశధార ఒక్కసారిగా పొంగి గుణుపురాన్ని ముంచిన సంగతి మామయ్యగారి తరం ఇప్పటికీ తలుచుకుంటుంది. 1,501 మీటర్ల మహేంద్రగిరి పైన వాన పడితే, ఎండ కాస్తున్న దిగువ గెడ్డలోనూ నీరు పెరుగుతుంది. నీటి రంగు మారడం, ఆకులు, పుల్లలు కొట్టుకురావడం, చప్పుడు పెరగడం, అడుగున రాళ్లు దొర్లుతున్న శబ్దం, వీటిలో ఏది గమనించినా గట్టెక్కి ఆగండి. చిన్న కొండ గెడ్డలు ఎంత తొందరగా పొంగుతాయో అంత తొందరగా తగ్గుతాయి. వాన ఆగాక కొన్ని గంటలు కూర్చుంటే చాలాసార్లు దారి దొరుకుతుంది, దొరకకపోతే వెనక్కి రావడమే. మీ పుట్టాసింగ్ నడక జనవరిలో కావడం ఈ లెక్కన మంచిదే, అప్పటికి గెడ్డలు బాగా తగ్గుతాయి.

ఇప్పుడు బావగారు. ఆయన చెడ్డవారని మీరు ఎక్కడా రాయలేదు, నాకూ అలా అనిపించలేదు. కానీ జట్టును నడిపించేవారు వెనకబడిన మనిషిని గెడ్డ దగ్గర ఒంటరిగా వదిలి వెళ్లడం తప్పు. ఎంత అనుభవం ఉన్నా, ఎంత ప్రేమ ఉన్నా తప్పే. మీరు నెమ్మదిగా దాటారన్న మొహమాటంతో ఆ తప్పును మీ మీద వేసుకుంటున్నారు. ఆ బరువు దించేయండి.

ఆయనతో చెప్పడానికి మీకు మూడు దారులున్నాయి. మీవారి చేత చెప్పించవచ్చు. అన్నదమ్ముల మధ్య మాట సులువుగా సాగుతుంది, కానీ మీవారు ఇప్పటికే మానెయ్ అంటున్నారు కాబట్టి అది "మా ఆవిడను మీతో పంపను" అన్న మాటగా మారే ప్రమాదం ఉంది. తోడికోడలి ద్వారా చెప్పించవచ్చు. ఆమె జట్టులోనే ఉంది, గెడ్డ దగ్గర జరిగేది చూస్తుంది, తనకూ రేపు అవసరం రావచ్చు. ఆమెతో మీకు చనువు ఉంటే నాకు ఈ దారి బాగుందనిపిస్తోంది. మూడోది, మీరే చెప్పడం. నడక మధ్యలో, గెడ్డ ఒడ్డున, అందరి ముందూ చెప్పకండి. వారం ముందు, ఇంట్లో, తీరుబడిగా ఉన్నప్పుడు చెప్పండి. "నన్ను వదిలేసి వెళ్లిపోయారు" అని మొదలుపెడితే ఆయన సమర్థించుకోవడానికి దిగుతారు. "బావగారూ, ఈసారి ప్రతి గెడ్డ దగ్గరా అందరూ దాటేదాకా ఎవరం కదలవద్దు. ముందు మీరు, చివర ఇంకొక గట్టి మనిషి ఉండాలని పెట్టుకుందాం" అనండి. ఇది జట్టుకంతటికీ నియమం, మీ ఒక్కరి కోసం అడిగే సాయం కాదు. అలా అడిగితే ఒప్పుకోవడం ఆయనకూ తేలిక.

మామయ్యగారి విషయంలో మాత్రం ఇన్ని దారులు చెప్పలేను. షుగరుతో అరికాలు మొద్దుబారితే చిన్న రాయి గుచ్చుకున్నా, బొబ్బ లేచినా నొప్పి తెలియదు. నొప్పి తెలియకపోతే మనిషి నడుస్తూనే ఉంటాడు. నానిన చర్మం మీద ఆ గాయం పుండవుతుంది, అలాంటి పుండు మానడం ఎంత కష్టమో షుగరున్న ఇళ్లన్నిటికీ తెలుసు. కాబట్టి ఆయన వట్టి కాళ్లతో గెడ్డలో దిగకూడదు, తడి బూట్లతో నడవకూడదు, చలికి కాళ్లు మంట దగ్గర కాచుకోకూడదు. వేడి తగిలినా ఆయనకు తెలియదు.

అయినా "మీరు రావద్దు మామయ్యగారూ" అని కోడలిగా మీరు చెప్పడం కంటే, ముందు ఆయన పాదాలను డాక్టరు చేత పరీక్ష చేయించండి. సన్నటి నైలాన్ తీగను అరికాలికి ఆనించి స్పర్శ తెలుస్తోందో లేదో చూసే చిన్న పరీక్ష ఉంది. రెండు నిమిషాల్లో అయిపోతుంది, నొప్పి ఉండదు. స్పర్శ బాగానే ఉందని తేలి, డాక్టరు సరేనంటే, గెడ్డలు లేని బాట మేరకు పొడి బూట్లు, తెల్లటి సాక్సుతో నడవవచ్చు. తెల్లవైతే రక్తం మరక వెంటనే కనపడుతుంది. గంటకోసారి ఎవరో ఒకరు ఆయన పాదాలు చూడాలి. స్పర్శ తగ్గిందని తేలితే, ఆ మాట డాక్టరు నోట వింటే ఆయన పట్టుబట్టరు. అప్పుడు జీపులో మీరు బస చేసే ఊరికి నేరుగా రావచ్చు. సాయంత్రం మీరంతా దిగేసరికి ఆయన అక్కడ ఉంటారు. రమ్మని పిలిచినట్టు చెప్పండి, ఆపినట్టు కాదు.

మీరు మానుకోవాలా అని అడిగారు. మానుకోనక్కర్లేదని నా అభిప్రాయం. చర్మానికి మందు మొదలుపెట్టి, డిసెంబరులో ఒక ఆదివారం మీరు, తోడికోడలు కలిసి దగ్గర్లోని లోతులేని గెడ్డకు వెళ్లి, శాండల్స్‌తో కొన్నిసార్లు, జల్లెడ బూట్లతో కొన్నిసార్లు అటూ ఇటూ దాటి చూడండి. ఏది మీ కాలికి పడుతుందో జనవరికి ముందే తెలుస్తుంది. బావగారు నియమానికి ఒప్పుకోకపోతే ఆ రెండు రోజుల నడక ఈ ఏడాదికి వదిలేసి, మీలాగే నెమ్మదిగా నడిచేవాళ్లు ముగ్గురు నలుగురిని కూడగట్టుకుని ఒక్కరోజు నడకలకు వెళ్లండి. మీవారికి ఈ జవాబు చూపించండి. ఆయన భయం మీరు ఒంటరిగా పడటం గురించి అయితే, మీతో వచ్చేవాళ్లెవరో, దాటే పద్ధతి ఏమిటో ముందే చెప్పి వెళితే ఆయనా అడ్డు చెప్పకపోవచ్చు.